ఓర్పా వేషం

ఆ వేసవిలో మా చర్చి సంఘం మొత్తం గాలించినా ఓర్పా వేషం వేయడానికి ఒక్క ఆడమనిషి దొరకలేదు. చివరికి మా కుట్టుగదిలో ఉండే గుడ్డ బొమ్మకి ఆ వేషం కట్టారు. దానికి తల లేదు, చేతులు లేవు, నడుం కింద ఒక ఇనప కడ్డీ. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ కూడా లేదు కాబట్టి కిక్కురుమనకుండా ఒప్పుకుంది.

బైబిల్లోని ఆ కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మొగుడూ, ఇద్దరు కొడుకులూ పోయిన నయోమి అనే ముసలావిడ పరాయి దేశం నుంచి సొంత ఊరికి బయలుదేరుతుంది. కోడళ్ళిద్దరూ వెంటపడతారు. మీ పుట్టిళ్ళకి పొండమ్మా అని ఆవిడ బతిమాలుతుంది. ఓర్పా అనే కోడలు ఏడ్చి, అత్తను ముద్దుపెట్టుకుని వెళ్ళిపోతుంది. రూతు అనే కోడలు మాత్రం నువ్వెక్కడుంటే నేనూ అక్కడేనని అత్తను అంటిపెట్టుకుంటుంది. తరవాత బోయజు అనే ఆసామి, చనిపోయినవాళ్ళ బంధువు, రూతును పెళ్ళాడి ఇద్దరు ఆడవాళ్ళనీ దిక్కులేనితనం నుంచి విడిపిస్తాడు. ఇంతే. ఓర్పాను తిట్టిన మాట గ్రంథంలో ఒక్కటి కూడా లేదు, నేను వెతికి వెతికి చదివాను. తిట్లన్నీ మా పాస్టరుగారివి. "పేరేమో ఓర్పా, ఓర్పు మాత్రం సున్నా" అని ఆయన ప్రతి ఏడూ అదే హాస్యం ఆడేవారు. సంఘం ప్రతి ఏడూ అదే నవ్వు నవ్వేది.

నేను రూతుని. నాటకంలో వేషం ఇవ్వకముందు నుంచే రూతుని. మా ఆయన నడిపే పాలవ్యాను బోల్తాపడి ఆయన పోయాక నేను అత్త దగ్గరే ఉండిపోయాను. భక్తితో కాదు, దారి లేక. అమ్మానాన్నలు లేరు. అన్నయ్య ఇంటికి వెళితే వదిన తలుపు సగమే తీసి మాట్లాడింది. ఆ సగం తలుపు సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పుకోలేదు. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో నావైపు చెయ్యి చాపి, రూతు ఎక్కడో లేదు, మన వెనక వరసలోనే కూర్చుని ఉంది అన్నారు. అందరూ తిరిగి చూశారు. ఆనాటి నుంచి నేను గట్టిగా నవ్వినా, కొత్త చెప్పులు కొనుక్కున్నా, రూతు ఇలాగే చేసేదా అన్నట్టు చూసేవాళ్ళు. చెడ్డపేరైతే దులుపుకోవచ్చు. మంచిపేరు దులుపుకోవడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

అత్తకి మారా అత్త అని పేరు. ఆ కథలోనే నయోమి, నన్నిక మారా అని పిలవండి అంటుంది. మారా అంటే చేదు. మా అత్త అలా పిలవమని ఎవరినీ అడగలేదు, ఆవిడ నోరే అడిగింది. ప్రసంగం ఎలా ఉందమ్మా అని పాస్టరుగారు పలకరిస్తే, పోయినేడు కూడా బాగానే ఉందండీ అనేది. నన్నెవరైనా పొగిడితే ఆవిడకి ఒళ్ళు మండేది. రూతట రూతు, తిన్నగా ఒక కాజా కుట్టడం రాదు అని ఇంటికి చేరేదాకా గొణిగేది.

మాకు వేసవంటే యూనిఫారాలు. బడులు తెరిచేలోపల చొక్కాలు, లాగులు, గౌన్లు గుట్టలుగా కుట్టిపడెయ్యాలి. బడి మా సంఘానిది. గుడ్డ సంఘంలో పెద్ద అయిన బట్టల కొట్టాయనది. మేముండే గది ఆయన మేడ వెనకది. మా నోట్లోకి పోయే ప్రతి ముద్దా చర్చి గుమ్మం దాటి రావలసిందే. పొద్దున్నే నా మొదటి పని అత్త సూదులకి దారాలు ఎక్కించి దిండుకి గుచ్చిపెట్టడం. చూపు మసకబారిందని ఆవిడ ఒప్పుకునేది కాదు. ఈమధ్య సూదులు చేసేవాళ్ళు కన్నాలు చిన్నవి చేస్తున్నారని తిట్టేది. కోత ఆవిడది, కుట్టు నాది. ఆవిడ కత్తెర మా మామగారి నాటిది. బరువైనది, నల్లపిడిది, బొటనవేలు దూరే చోట గుడ్డ చుట్టి ఉండేది. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే ఎవడు అతుకుతాడు అనేది.

నాటకం మాట వేసవి మొదట్లోనే వచ్చింది. పాస్టరమ్మగారు రాసి, ఆవిడే నేర్పించారు. వేషాలు పంచిన రోజు నేను ఓర్పా వేస్తానని చెయ్యెత్తాను. అందరూ సరదాకి అన్నాననుకుని నవ్వారు. పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని కిందికి దించేశారు. నయోమి ఎవరో చెప్పనక్కర్లేదు. బోయజుగా బట్టల కొట్టు పెద్దాయన్ని నిలబెట్టేసరికి మాత్రం నా గుండెలో రాయి పడింది. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. ఆయన పెద్దకూతురు నాకంటే ఒక యేడు పెద్దది. ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. గుడ్డ కొలిచేటప్పుడు ఎప్పుడూ జానెడు ఎక్కువే వదిలేవాడు. నాతో మాట్లాడవలసి వస్తే గోడతో మాట్లాడేవాడు.

పాస్టరుగారు ఆ వారాలన్నీ విమోచన గురించే చెప్పారు. బంధంలో ఉన్నవాడు తనంతట తాను బయటపడలేడు, ఇంకొకరు వెల చెల్లించి విడిపించాలి, ఆ ఇంకొకరికి మనసుండాలి అని. మాట బాగానే ఉంది. కానీ ఆయన ఆ మాట అన్నప్పుడల్లా జనం ఒకసారి పెద్దాయన వైపూ, ఒకసారి నావైపూ చూసేవాళ్ళు. ఒకరోజు రిహార్సలు అయ్యాక పాస్టరమ్మగారు నన్ను పక్కకి పిలిచి, నాటకం అయిపోగానే వేషం తియ్యొద్దని చెప్పారు. చివరి అంకంలో బోయజు రూతు చెయ్యి పట్టుకుంటాడు కదా, అప్పుడు పాస్టరుగారు వేదిక ఎక్కి మీ ఇద్దరికీ నిజంగానే ప్రార్థన చేస్తారని అన్నారు.

"ఏం ప్రార్థనండీ?" అన్నాను.

"ఏమీ ఎరగనట్టు అడుగుతుంది చూడు" అని నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయారు.

నన్నెవరూ అడగలేదు. అడిగితే కాదంటాననే అడగలేదేమో అనుకోవడానికి కూడా లేదు. రూతు కాదంటుందని వాళ్ళకి తోచనే లేదు. కాదంటే బడి పని పోతుంది, గుడ్డ పోతుంది, గది పోతుంది. అవునంటే అత్తకి మేడ మీద ఫ్యాను కింద మంచం దొరుకుతుంది. నాకు ఆ పెద్దాయన దొరుకుతాడు.

సరిగ్గా ఆ వారమే నా చిన్నప్పటి స్నేహితురాలు వచ్చింది. పక్క పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో కాజాల మిషను మీద పనిచేసేది. కోత బల్ల దగ్గర ఒక చోటు ఖాళీ అయిందనీ, బడులు తెరిచే రోజుకల్లా మనిషి కావాలనీ, పక్కనే ఆడవాళ్ళకి ఉండే చోటు కూడా ఇస్తారనీ చెప్పింది. కోత వచ్చి ఉండాలి అంది. నాకు రాదన్నాను. అది వెళ్ళిపోయాక కాలర్లు తిప్పుతూ కూర్చుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. అత్త ఎదురుగా బల్ల మీద సుద్దగీతలు గీస్తోంది. ఎవరితోనూ అనలేని మాట ఆవిడతోనే అనేశాను.

"నాకా పెళ్ళి వద్దత్తయ్యా. చచ్చిపోవాలనిపిస్తోంది."

ఆవిడ తల ఎత్తలేదు. గీత పూర్తిచేసింది. "నోరు మూసుకుని కాలరు చూడు, వంకరపోతోంది" అంది. కాసేపయ్యాక, "ఆ పిల్ల ఏ బల్లంది?" అని అడిగింది.

"కోత బల్ల."

"నీకు కోతేం వచ్చు" అని ముక్కుతో నవ్వింది. ఆ రాత్రి నేను ఆవిడతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున సూదులకి దారం ఎక్కిస్తుంటే కత్తెర తెచ్చి నా ఒళ్ళో పడేసింది. ఇవాళ్టి నుంచి చొక్కాలు నువ్వే కొయ్యి అంది. కళ్ళు పూర్తిగా పోయాయి కాబోలు, కోతా కుట్టూ రెండూ నా నెత్తిన రుద్దుతోంది అనుకున్నాను. నేర్పడం కూడా ఎలా నేర్పిందని. పక్కన నిలబడి చెక్క స్కేలుతో బల్ల మీద కొట్టేది. నిలువు పోగు చూసుకోమనేది. కత్తెర గాల్లో ఎత్తకు, కింది రేకు బల్లకి ఆనించి నడిపించు అనేది. ఒక మడత అయ్యాక రెండు, తరవాత ఎనిమిది మడతలు ఒకేసారి కోయించింది. ఎనిమిది మడతల యూనిఫారం ఎవరు కోస్తారత్తయ్యా, ఇదేమైనా ఫ్యాక్టరీయా అని విసుక్కున్నాను. "నోటితో కోస్తున్నావా, చేత్తోనా" అంది. నా బొటనవేలు బొబ్బలెక్కి చితికింది. వేషం పేరుతో సంఘం నన్ను మోసుకుపోతుంటే పెళ్ళయ్యేలోపల ఈవిడ నా చేత చాకిరీ పిండుకుంటోందని కడుపు మండిపోయింది. సంఘంలో అందరికంటే ఆ నెలలో నేను ఎక్కువ అసహ్యించుకున్నది ఆవిడనే.

నాటకానికి ముందు రెండు రోజులు కత్తెర కనబడలేదు. ఏదని అడిగితే సాన పట్టేవాడికి ఇచ్చానంది. పని ముగింపుకొచ్చాక సానేమిటని అడిగాను. ఉన్న గుడ్డ నా ముందుకి నెట్టింది. మిగిలిన జేబులు దారాలు తెంపే చిన్న కత్తెరతోనే కోసి చచ్చాను.

నాటకం బడులు తెరవబోయే ముందు ఆదివారం సాయంత్రం. చర్చి హాలు కిటకిటలాడింది. మొదటి అంకంలో చావులన్నీ అయ్యాక, నయోమి కోడళ్ళను వెళ్ళిపొమ్మంటుంది. పాస్టరమ్మగారి చెల్లెలు వచ్చి ముసుగు వేసిన గుడ్డ బొమ్మని కడ్డీతో సహా ఎత్తుకుని ఒక పక్కకి తీసుకుపోయింది. జనం ఓర్పా వెళ్ళిపోయిందని నవ్వారు. ముందు వరసలో బట్టల కొట్టు పెద్దాయన తలకి గుడ్డ చుట్టుకుని తన వంతు కోసం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నాకు నేర్పినట్టే అత్త ముందు మోకరించి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని నా మాటలు మొదలుపెట్టాను. నువ్వెక్కడికి వెళితే అన్న దగ్గరే ఆవిడ చేతులు లాగేసుకుంది.

"చాలు" అంది. ఆ మాట రాసిన దాంట్లో లేదు. నేను తల ఎత్తాను. ఆవిడ నన్ను చూడటం లేదు, హాలంతటినీ చూస్తోంది. తరవాతి మాట ఆఖరి వరసకి కూడా వినబడేట్టు అంది.

"నా కొడుకుని పొట్టన పెట్టుకున్నావు. ఇంకా నా కొంపలో ఎందుకు? పో."

మా ఆయన పోయిన రోజు కూడా ఆవిడ ఆ మాట అనలేదు. ఇరుగుపొరుగు అనబోతే వాళ్ళ నోరు మూయించిన మనిషి. నేనింకా మోకాళ్ళ మీదే ఉన్నాను. ఆవిడే జబ్బ పట్టుకుని లేపి, పక్క తలుపు దాకా ఈడ్చుకుపోయింది. తలుపు దగ్గర నా చెవిలో, "సంచి హాలు వెనకాల ఉంది. పట్నం బస్సు వెళ్ళిపోతుంది, నడు" అని నన్ను బయటికి తోసి గడియ పెట్టింది.

లోపల కడ్డీ నేల మీద గీసుకుంటున్న చప్పుడు వినబడింది. ఆవిడ బొమ్మని మళ్ళీ వేదిక మీదికి లాక్కొస్తోంది. "ఇదిగో రూతు" అంటోంది, "నోరు లేదు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. దీనికి చేయించుకోండి పెళ్ళి."

బస్సులో సంచి విప్పాను. పైన నా బట్టలు. వాటి కింద నీలం యూనిఫారం గుడ్డలో చుట్టిన కత్తెర. కొత్తగా సాన పట్టి ఉంది. బడికి పోయే పిల్లకి పెన్సిలు చెక్కి ఇచ్చినట్టు పట్టించింది. బొటనవేలి దగ్గర పాత గుడ్డ తీసేసి నా వేలికి సరిపడా మెత్తటి గుడ్డ చుట్టి ఉంది. ఎనిమిది మడతలు ఎందుకు కోయించిందో అప్పుడు తెలిసింది. కానీ నా కోపం పోలేదు. పొట్టన పెట్టుకున్నావన్న మాట చెవిలో అలాగే ఉంది. కత్తెరా ఆ మాటా రెండూ ఒకే చేత్తో ఇచ్చింది. కత్తెర ఇస్తే చాలు కదా, ఆ మాటెందుకని దారి పొడుగునా ఏడ్చాను.

అదెందుకో వానలు మొదలయ్యాక తెలిసింది. ఒకనాడు నేను చేరిన ఫ్యాక్టరీకి పాస్టరమ్మగారు వచ్చారు. బడికి ఇంకా కావలసిన యూనిఫారాలు మా దగ్గరే కుట్టించడానికట. కోత బల్ల దగ్గర నన్ను చూసి గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. ఎలా ఉన్నావు తల్లీ, ఆ మనిషి నిన్ను అంత మాటని వీధిలోకి గెంటేస్తుందని మేమెవరమూ అనుకోలేదు అన్నారు. మీ అత్తకి బుద్ధి రావాలని పని తీసేశాం అన్నారు. కొట్టు పెద్దాయన మంచివాడు కాబట్టి గది ఖాళీ చెయ్యమనలేదు గానీ, గుడ్డ ఇవ్వడం మానేశాడట. ఆదివారం ఆవిడ వచ్చి కూర్చుంటే ఆ బల్ల మీద ఇంకెవరూ కూర్చోవడం లేదట. ఇప్పుడిక రావడమే మానేసిందట.

అత్త ఏమీ అనకుండా నన్ను పంపేసి ఉంటే, పారిపోయిన కోడలిని నేనయ్యేదాన్ని. ప్రతి ఏడూ ఆ ఓర్పా హాస్యం నా మీద ఆడేవాళ్ళు, పెళ్ళి తప్పించుకున్న నన్ను వెతుక్కుంటూ ఇక్కడికీ వచ్చేవాళ్ళు. ఆ పేరు నాకు అంటకుండా ఆవిడ తన నెత్తికి ఎత్తుకుంది. అంత చేదు మాటైతే గానీ వాళ్ళు నమ్మరని ఆవిడకి తెలుసు.

నేను కత్తెర కింద పెట్టి నిజం చెప్పాను. నాకా పెళ్ళి ఇష్టం లేదని, వెళ్ళిపోవాలనుకున్నది నేనేనని, ఆవిడ నాకు కోత నేర్పి, తన కత్తెర ఇచ్చి పంపిందని. ఆ కత్తెర లేకపోతే ఆవిడకి బతుకు లేదని. ఇదిగో చూడండి అని చూపించాను కూడా. చుట్టూ ఉన్నవాళ్ళు వింటున్నా సిగ్గుపడలేదు.

"ఆవిడ నన్ను గెంటలేదండీ. విడిపించింది. నేను రూతుని కాను, ఓర్పాని."

పాస్టరమ్మగారి కళ్ళు నిండాయి. నమ్ముతున్నారనుకున్నాను. ఆవిడ నా తల నిమిరి, "అంత మాటన్నా అత్తను వెనకేసుకొస్తున్నావు చూడు. అందుకే నువ్వు రూతువి" అన్నారు. ఈ సాక్ష్యం పాస్టరుగారికి చెప్తాననీ, ఈ ఆదివారమే ప్రసంగంలో వాడుకుంటారనీ చెప్పి కళ్ళు తుడుచుకున్నారు. ఎంత చెప్పినా, చెప్పేకొద్దీ ఆవిడ కళ్ళలో నేను ఇంకా ఇంకా రూతునైపోయాను.

ఆ ఆదివారం ఆరాధన జరిగే వేళ చూసుకుని వెళ్ళాను. వీధిలో ఎవరూ లేరు, చర్చి మైకు మాత్రం వినబడుతోంది. అత్త కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో పాత కోటుకి అంచు కుడుతోంది. వేళ్ళతో తడుముకుంటూ కుడుతోంది. చిక్కి సగమైంది. మూలన గుడ్డ బొమ్మ ఉంది, ముసుగు ఇంకా తియ్యలేదు. నా అడుగుల చప్పుడుకే పోల్చుకుంది.

"ఎందుకొచ్చావే? ఎవరైనా చూస్తే నేను పడ్డ మాటలన్నీ దండగ."

కత్తెర తీసి బల్ల మీద పెట్టాను. వెనక్కి నెట్టేసింది. కొయ్యడానికి గుడ్డెక్కడుంది, పట్టుకుపో అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్నడక్కుండా ఇదంతా ఎవరు చెయ్యమన్నారు, ఈ రుణం నేనెలా మొయ్యాలి అని అరిచాను. ఆవిడ కుడుతూనే ఉంది. అలసిపోయి పక్కన కూలబడ్డాను. ఫ్యాక్టరీకి పాస్టరమ్మగారు వచ్చిన సంగతి, నిజం మొత్తం చెప్పేసిన సంగతి చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"నమ్మిందా?"

"లేదు."

అత్త నవ్వింది. ముక్కుతో కాదు, నోరారా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేను చూడటం అదే.

"కుట్టు గట్టిదే అన్నమాట" అంది.

మైకులో పాస్టరుగారి గొంతు వినబడుతోంది. రూతు గురించే చెబుతున్నారు. అత్త కిటికీ రెక్క వేసేసింది. బస్సుకి ఇంకా టైముంటే ఆ పని చూసిపొమ్మని సూదుల దిండు నావైపు జరిపింది. ఒక్క సూదికీ దారం లేదు. నేను గుమ్మం వెలుతురులోకి జరిగి, దిండు మీదున్న సూదులన్నింటికీ, ఆ తరవాత డబ్బాలో ఉన్నవాటికీ, ఇంట్లో ఎన్ని ఉంటే అన్నింటికీ దారాలు ఎక్కించి వెళ్ళాను.